రాయి తాగే నీళ్లు

మా వంటింటి గట్టు బూడిద రంగు గ్రానైటు. రాత్రి తడి చెంబు ఒకటి దాని మీద ఉండిపోతే, తెల్లారేసరికి చెంబు అడుగున గుండ్రంగా నల్లటి మచ్చ తేలుతుంది. గుడ్డ పెట్టి ఎంత తుడిచినా పోదు. పైన తడి ఉంటే కదా గుడ్డకి అంటడానికి! ఆ తడి రాయి లోపల ఉంది. కాఫీలు, టిఫిన్లు అయి, కిటికీలోంచి ఎండ లోపలికి వచ్చేసరికి మచ్చ అంచుల నుంచి మెల్లగా కుంచించుకుపోయి మాయమవుతుంది. కొత్త గట్టుకైతే పైన పూత ఉంటుంది కాబట్టి ఇది అంత త్వరగా కనపడదు. పూత అరిగిన పాత గట్టు దగ్గర ఎవరైనా చూడొచ్చు.

చిన్నప్పటి నుంచి మనం విన్న మాటలన్నీ దీనికి ఎదురు నడుస్తాయి. కరగని మనసుని రాయి అంటాం. మార్చలేని మాటని శిలాశాసనం అంటాం. ఓరుగల్లుకి ఆ పేరు ఒంటిరాయి వల్ల వచ్చిందని చెప్పుకుంటాం. భువనగిరి కోట మెట్లెక్కుతూ పక్కనున్న ఆ నున్నటి బండని చూస్తే ఇందులోకి సూది కూడా దిగదనిపిస్తుంది. కానీ ఆ బండ నిండా లెక్కకందని నెర్రెలున్నాయి. నెర్రెల్లో నీళ్లున్నాయి. నీళ్లలో మూలకాలు ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదులుతున్నాయి. ఆ కదలిక నల్గొండ జిల్లాలో తరాల తరబడి మనుషుల ఎముకల్ని వంచింది. అలాంటి కదలికనే నమ్ముకుని స్వీడన్, ఫిన్లాండ్ దేశాలు అణు వ్యర్థాల్ని రాతిలో పాతిపెట్టబోతున్నాయి. ఒక చోట రాయి తన దగ్గరున్నది బయటికి ఇచ్చేస్తోంది. ఇంకో చోట బయటి నుంచి వచ్చినదాన్ని పట్టి ఉంచుతుందని ఆశ. ఈ రెండు పనులూ చేసేది ఒకే రకం నెర్రెలు. నన్ను చాలాకాలంగా వదలకుండా పట్టుకున్న సంగతి ఇదే.

గ్రానైటు భూమి లోపల కిలోమీటర్ల లోతున కరిగిన శిలాద్రవం చల్లారి గట్టిపడ్డ రాయి. హైదరాబాదు చుట్టుపక్కల బండలకి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఒక ముక్క తీసుకుని ఎండలో తిప్పి చూడండి, ముఖ్యంగా మూడు రకాల గింజలు కనిపిస్తాయి. మసక గాజులా ఉండేది పలుగు. తెల్లగానో గులాబీ రంగులోనో నున్నటి పలకలతో మెరిసేది ఫెల్డ్‌స్పార్. నల్లగా, రేకులు రేకులుగా తళుక్కుమనేది బయొటైట్, అంటే నల్ల అభ్రకం. ఈ నల్ల రేకుల్ని గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్లీ వీటి దగ్గరికే వస్తాం. గింజలన్నీ ఒకదాన్నొకటి కరుచుకుని పెరిగాయి. పుట్టినప్పుడు వాటి మధ్య సందు దాదాపు లేదు. సందు తర్వాత వచ్చింది.

రాయి గట్టిపడే వేళకి దాని వేడి 700 డిగ్రీల సెంటీగ్రేడు దరిదాపుల్లో ఉంటుంది. అక్కణ్ణించి చల్లారే కొద్దీ గింజలన్నీ ముడుచుకుంటాయి, కానీ సమానంగా కాదు. పలుగు ఫెల్డ్‌స్పార్ కన్నా బాగా ఎక్కువ ముడుచుకుంటుంది. పైగా 573 డిగ్రీల దగ్గర (నేల మీది పీడనంలో లెక్క ఇది, లోతున ఇంకాస్త ఎక్కువ) పలుగు లోపల పరమాణువుల అమరికే మారి, గింజ ఒక్కసారిగా ఇంకొంచెం చిన్నదవుతుంది. పక్క గింజ వదలదు, ఇది లాగడం ఆపదు. మట్టి పాళ్లు కుదరని కుండ ఆవంలో బీటలిచ్చినట్టు, గింజల అంచుల వెంటా, పలుగు కడుపులోనూ సన్నటి నెర్రెలు పడతాయి.

రెండో కారణం బరువు దిగిపోవడం. ఇవాళ మనం ఎక్కి ఫొటో దిగే బండ ఒకప్పుడు కిలోమీటర్ల మందం రాళ్ల కింద నలుగుతూ ఉండేది. కోట్ల ఏళ్లలో వానలూ వాగులూ ఆ పైకప్పుని కోసుకుపోయాయి. నెత్తి మీద కట్టెలమోపు దింపుకున్న మనిషి నడుం చాచినట్టు రాయి పైకి సాగుతుంది. ఆ సాగుడుకి బండ పైభాగం తన ఒంపుకి సమాంతరంగా పొరలు పొరలుగా విడిపోతుంది. తెలంగాణ గుట్టల మీద ఉల్లిపొరల్లా లేచి కనిపించే పలకలు ఇలా వచ్చినవే.

రాయి కొట్టి బతికిన వడ్డెర పనివాళ్లకి ఈ సంగతి పుస్తకాల కన్నా ముందే తెలుసు. దక్షిణాదిలో పాత పద్ధతి ఒకటుండేది. బండ మీద కట్టెలతో వరస మంట పెట్టి, దాన్ని కొంచెం కొంచెంగా ముందుకి జరుపుతూ, సుత్తితో తట్టి చప్పుడు వింటూ పోయేవాళ్లు. కంగుమన్న చోట పొర ఇంకా అంటుకుని ఉన్నట్టు, బోలుగా పలికిన చోట విడిపోయినట్టు. మంట నడిచే కొద్దీ చీలిక దాని వెంటే నడిచి, కొన్ని అంగుళాల మందం పలక గదంత వెడల్పున లేచి వచ్చేది. మందుగుండు అక్కర్లేదు. రాయిలో ముందే ఉన్న బలహీనతని చెవితో కనిపెట్టి, దానికి కాస్త వేడి అందించడమే. ఈనాటికీ క్వారీలో రాయి ఎటు వాటంగా చీలుతుందో చూసుకునే గుంటలు కొడతారు. ఆ వాటం అన్నది కంటికి కనపడని నెర్రెలు ఎక్కువగా ఏ దిక్కుకి తిరిగి ఉన్నాయో ఆ దిక్కు. భూగర్భ శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శినితో లెక్కపెట్టి తేల్చినది రాళ్లు కొట్టేవాళ్ల చేతి లెక్కతో సరిపోయింది.

పడ్డ ప్రతి నెర్రే అలా తెరుచుకుని ఉండిపోదు. వేడి నీళ్లు వాటిల్లో తిరిగినప్పుడు నీటిలో కరిగిన పలుగు మళ్లీ గట్టిపడి గాయం మానినట్టు చీలికని పూడుస్తుంది. పూడ్చేటప్పుడు కాసిని నీళ్లు లోపలే చిక్కుకుపోతాయి. ఇంగ్లండులోని షెఫీల్డుకి చెందిన హెన్రీ క్లిఫ్టన్ సోర్బీ, రాతిని కాంతి దూరేంత పల్చగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి, 1858లో ఈ చిక్కుకున్న బిందువుల మీద తన పరిశోధనను ప్రచురించారు. కొండల్ని సూక్ష్మదర్శినితో చూడటమేమిటని ఆ రోజుల్లో ఆయన్ని ఎగతాళి చేసినవాళ్లూ ఉన్నారు. గ్రానైటు పలుగులో మానిపోయిన నెర్రె ఒకటి, వరసగా పేర్చిన నీటి చుక్కల గీతలా కనిపిస్తుంది. ఒక్కో చుక్కలో చిన్న గాలి బుడగ, కొన్నింటిలో ఆ బుడగ ఆగకుండా వణుకుతూ ఉంటుంది. మనిషి పుట్టక ముందెప్పుడో రాతిలో పారిన నీళ్లు అవి. వాటిలో ఎంత ఉప్పుందో, చిక్కుకున్నప్పుడు ఎంత వేడిగా ఉన్నాయో ఈనాటికీ కొలవొచ్చు. నేల మీద ఇంతకన్నా పాత నీటిపాత్ర ఇంకేముంటుంది!

ఇక తెరిచి ఉన్న నెర్రెలు. మన తలవెంట్రుక మందం మిల్లీమీటరులో పదో వంతుకి కాస్త తక్కువ. గింజల మధ్య నెర్రెల వెడల్పు అందులో వందో వంతు, చాలా చోట్ల ఇంకా తక్కువ. సందులన్నీ కలిపినా గట్టి గ్రానైటు ఘనపరిమాణంలో అర శాతం దరిదాపుల్లోనే ఉంటాయి. అంటే ఒక ఘనపు మీటరు రాయిలో, రెండున్నర టన్నుల పైచిలుకు బరువున్న దిమ్మలో, సుమారు అయిదు లీటర్ల నీళ్లు. అరబిందె. అదీ ఒక చోట ఉండదు, దిమ్మంతా పొగలా పరుచుకుని ఉంటుంది.

అరబిందె నీళ్లతో ఊళ్లకి ఊళ్లు ఎలా బతుకుతున్నాయి? బోరు వేసేటప్పుడు దగ్గరుండి చూసినవాళ్లకి జవాబు తెలుసు. రిగ్గు కింద మొదట ఎర్రమట్టి, తర్వాత మొరం, తర్వాత బండ. బండ తగిలాక తెల్లటి దుమ్ము లేస్తూనే ఉంటుంది. గంటలు గడుస్తాయి, అడుగులు వందలు దాటతాయి, ఇంటివాళ్లు అప్పు లెక్కేసుకుంటూ నిలబడతారు. ఉన్నట్టుండి గ్యాప్ తగిలిందంటే దుమ్ము ఆగి బురద చిమ్ముతుంది. ఆ గ్యాపే పెద్ద చీలిక. చీలికలో నీటి ప్రవాహానికి ఒక కఠినమైన లెక్కుంది. వెడల్పు రెట్టింపయితే ప్రవాహం ఎనిమిది రెట్లవుతుంది. వెడల్పు పదింతలయితే ప్రవాహం వెయ్యింతలు. మిల్లీమీటరు వెడల్పున్న ఒక్క చీలిక మోసే నీళ్లని, అందులో పదో వంతు వెడల్పున్నవి మోయాలంటే వెయ్యి చీలికలు కావాలి. పక్క చేలో రెండించుల నీళ్లు పడి, ఇరవై గజాల దూరంలో మన బోరు ఎండిపోవడం తలరాత కాదు, ఈ లెక్కే.

సన్నటి నెర్రెలు నీటిని మోయవు సరే, మరి అవి చేసే పనేమిటి? ఇక్కడ ఇంకో లెక్క చూడాలి. లీటరు నీళ్లని మిల్లీమీటరు వెడల్పు చీలికలో పరిస్తే అవి రెండు పక్కలా కలిపి రెండు చదరపు మీటర్ల రాతిని తాకుతాయి, అంటే ఒక మంచమంత. అదే లీటరుని మిల్లీమీటరులో వెయ్యో వంతు వెడల్పున్న నెర్రెల్లో పరిస్తే తాకే రాయి రెండు వేల చదరపు మీటర్లు. అరెకరం చేను! చెంబెడు నీళ్లు అరెకరం రాతిని నాకుతూ, దాదాపు కదలకుండా, ఏళ్ల తరబడి కూర్చుంటాయి. పెద్ద చీలిక నీటికి దారి. సన్న నెర్రె నీటికీ రాతికీ మధ్య ఇచ్చిపుచ్చుకునే చోటు. నీటి రుచి, నీటి గుణం తయారయ్యేది అక్కడే.

నల్గొండకి వద్దాం. మర్రిగూడ, నారాయణపూర్, చండూరు, మునుగోడు. ఈ ఊళ్ల పేర్లు వింటే తెలుగువాళ్లకి ఫ్లోరైడు గుర్తొస్తుంది, అది ఆ ఊళ్లకి జరిగిన అన్యాయాల్లో ఒకటి. తాగే నీటిలో లీటరుకి ఒక మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడు ఉండొచ్చు, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా అని మన దేశపు ప్రమాణం. అది దాటిన నీళ్లు చిన్నతనం నుంచీ తాగితే ముందు పళ్లకి గార పడుతుంది. మోతాదు ఇంకా ఎక్కువై ఏళ్లు గడిస్తే ఎముకలు బిరుసెక్కి, కీళ్లు పట్టేసి, వెన్ను వంగిపోతుంది. ఈ జబ్బు గురించి మన ప్రాంతం నుంచి వైద్య పత్రికలకెక్కిన మొదటి వివరమైన పరిశోధన 1937 నాటిది, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో జరిగింది. ఏ పరిశ్రమా ఈ విషాన్ని కలపలేదు. అది బండలోంచే వచ్చింది.

ఫ్లోరైడు ఉండేది చాలావరకు ఇందాకటి నల్ల రేకుల్లో. అపటైట్, ఫ్లోరైట్ లాంటి ఖనిజాల్లోనూ ఉంటుంది, కానీ నల్ల అభ్రకం కథ వేరు. దాని నిర్మాణంలో ఆక్సిజనూ హైడ్రోజనూ జంటగా కూర్చునే గదులుంటాయి. ఫ్లోరైడు అయానుకి దాదాపు అంతే పరిమాణం, అంతే ఆవేశం. అందువల్ల శిలాద్రవం చల్లారేటప్పుడే చాలా గదుల్లో ఆ జంటకి బదులు ఫ్లోరైడు చేరిపోయింది. కోట్ల ఏళ్లు అక్కడే నిమ్మళంగా ఉంది. తర్వాత నీళ్లు వచ్చాయి. నీళ్లు తగిలితే నల్ల అభ్రకం ఊరుకోదు. దాని రేకుల మధ్య ఉన్న పొటాషియం బయటికి జారి, నీళ్లు లోపలికి చేరి, గింజ ఉబ్బుతుంది. గట్టి రాయి మధ్యలో ఉబ్బిన గింజ చుట్టూ ఉన్నదాన్ని చీలుస్తుంది. ఆ చీలికలోకి మరిన్ని నీళ్లు, మరో గింజ ఉబ్బడం, మరో చీలిక. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ, ఫ్రాన్స్ శాస్త్రజ్ఞులతో కలిసి నగరానికి దక్షిణాన మహేశ్వరం దగ్గర ఏళ్ల తరబడి పనిచేసింది. మొరం కింద బండలో అడ్డంగా పరుచుకున్న చీలికల పొరే అక్కడి బోర్లకి అసలు ఆధారమని, అభ్రకం ఉబ్బడం ఆ చీలికలకి ముఖ్య కారణమని ఆ పనిలో తేలింది. అందుకే ఆ పొర దాటి ఎంత లోతుకి వెళ్లినా చీలికలు సన్నబడి తగ్గిపోతాయి. వెయ్యి అడుగుల బోరుకి డబ్బు పోసే రైతుకి ఈ మాట ముందే చెప్పగలిగితే ఎన్ని అప్పులు తప్పేవో.

ఒక్క క్షణం ఆగి చూస్తే ఇందులో మనసు కలచివేసే విషయముంది. నీటికి దారి తెరిచిన ఖనిజమూ, ఆ నీటిలో ఫ్లోరైడు కలిపిన ఖనిజమూ ఒకటే. కరువు సీమకి ఊట ఇచ్చిన చెయ్యే అందులో విషం కలిపింది.

అయితే గ్రానైటు ఉన్న ప్రతి ఊళ్లోనూ ఇలా ఎందుకు లేదు? నీటిలో కాల్షియం దండిగా ఉంటే అది ఫ్లోరైడుని పట్టుకుని ఫ్లోరైట్‌గా గట్టిపడుతుంది, నీళ్లు తేలికపడతాయి. వాన తక్కువ, ఎండ ఎక్కువ ఉన్న నేలల్లో కాల్షియం ముందే సున్నపు గుల్లలుగా మట్టిలో దిగిపోతుంది. చేనుల్లో నాగలికి తగిలే ఆ తెల్లటి గడ్డలు అవే. మిగిలిన నీళ్లు కాల్షియం తక్కువై, సోడియం ఎక్కువై, కొంచెం క్షారంగా తయారవుతాయి. ఆ నీటిలో ఫ్లోరైడుకి అడ్డు లేదు. దీనికి తోడు వరి. బోరు నీళ్లు మడిలో నిలబెడితే సగానికి సగం ఆవిరైపోయి, మిగిలినవి చిక్కబడి మళ్లీ అదే బండలోకి ఇంకుతాయి. మరుసటి కారుకి అవే మళ్లీ పైకి వస్తాయి. తిరిగిన ప్రతిసారీ ఇంకొంచెం చిక్కన.

నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధనా సంస్థ 1970లలో పటిక, సున్నం కలిపి నీటిలోంచి ఫ్లోరైడుని తేర్చే పద్ధతి ఒకటి తయారుచేసింది. దానికి నల్గొండ పద్ధతి అనే పేరు. ఆఫ్రికాలో టాంజానియా, ఇథియోపియా దేశాల్లోనూ దాన్ని ఆ పేరుతోనే వాడారు. ఇవాళ నల్గొండ ఊళ్లకి మిషన్ భగీరథ గొట్టాల్లో కృష్ణ నీళ్లు వస్తున్నాయి. నది నీళ్లు బండతో అంతసేపు కూర్చుని రాలేదు, అదే వాటి మేలు.

ఫ్లోరైడు ఒక్కటే కాదు కదిలేది. గ్రానైటులో టన్నుకి మూడు నాలుగు గ్రాముల యురేనియం మామూలు. ఆక్సిజన్ ఉన్న నీటిలో యురేనియం సులువుగా కరుగుతుంది, ఆక్సిజన్ లేని చోట చటుక్కున గట్టిపడుతుంది. అదే నల్గొండ జిల్లాలో, నాగార్జునసాగర్ జలాశయానికి దగ్గరగా, లంబాపూర్, పెద్దగట్టు దగ్గర పాత గ్రానైటు మీద శ్రీశైలం ఇసుకరాతి పొరలు కూర్చున్నాయి. రెండింటికీ మధ్య సరిహద్దు దగ్గర, గ్రానైటు పగుళ్లలో యురేనియం పోగుపడి ఉంది. రాతంతా చల్లినట్టున్న మూలకాన్ని నీళ్లు గింజ గింజ దగ్గరా ఏరుకుని, పగుళ్ల వెంట మోసుకొచ్చి, గుణం మారిన చోట దింపిపోయాయని శాస్త్రజ్ఞుల వివరణ. ఆ ఖనిజం తవ్వాలా వద్దా అన్న గొడవ మనకి తెలిసిందే. దాన్ని అక్కడ చేర్చిన కూలి మాత్రం ఈ నెర్రెల్లో పారిన నీరే.

ఇంతవరకూ రాయి ఇవ్వడం గురించి. రాయి తీసుకోవడం గురించి మొదట అనుమానం వచ్చింది గ్రానైటులో కాదు, ఇంగ్లండులోని సుద్దరాతిలో. 1950, 60లలో హైడ్రోజన్ బాంబుల పరీక్షల వల్ల వాన నీటిలో ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్ పెరిగింది. సుద్దరాతి పగుళ్లలో నీళ్లు చకచకా దిగుతాయి కాబట్టి ఆ ట్రిటియం త్వరలోనే అడుగునున్న భూగర్భ జలాల్లో కనిపించాలి. కనిపించలేదు. స్టీఫెన్ ఫోస్టర్ 1975లో ఒక వివరణ ఇచ్చారు. నీళ్లు పగుళ్లలో దిగుతుండగానే ట్రిటియం పక్కకి జారి, పగుళ్ల గోడల్లోని రంధ్రాల్లో కదలకుండా ఉన్న నీటిలోకి వ్యాపించిపోతోందని. 1980లో స్టాక్‌హోంలోని రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన ఇవార్స్ నెరెత్‌నియెక్స్ అదే ఆలోచనని గ్రానైటుకి పట్టించి, అణు వ్యర్థాల సంగతిలో ఇదే మనల్ని కాపాడేది కావచ్చన్నారు.

తిరునాళ్లకి వెళ్లే దారిని తలుచుకోండి. దారి తిన్నగా గుడికి పోతుంది, జనం కదులుతూనే ఉంటారు. ఒకడు మాత్రం పక్క సందులోకి తొంగి చూస్తాడు, గాజుల అంగడి దగ్గర ఆగుతాడు, రంగులరాట్నం దాకా వెళ్లి మళ్లీ దారిలోకి వస్తాడు, మళ్లీ ఇంకో సందు. వాడు గుడికి చేరేది దీపాలు పెట్టే వేళకి. దారి వేగం వాడి వేగం కాదు. పెద్ద చీలికలో నీళ్లతో పోయే మూలకం పక్కనున్న సన్న నెర్రెల్లోకి ఇలాగే దారి తప్పుతుంది. అక్కడ ప్రవాహం లేదు, దానంతట అది అటూ ఇటూ తారాడటమే. సీజియం లాంటిదైతే ఇంకా ఆలస్యం, ప్రతి అంగడి ముందూ కూర్చునే మనిషి. మళ్లీ ఆ నల్ల అభ్రకమే. దాని రేకుల అంచులు సీజియంని పట్టుకుంటే సులువుగా వదలవు. సీజియం-137 ప్రతి 30 ఏళ్లకీ సగమవుతుంది. మూడు వందల ఏళ్లు దాన్ని దారిలో ఆపగలిగితే వెయ్యో వంతే మిగులుతుంది. ఆపడమే చాలు, చంపే పని కాలానిది.

వ్యాపించే వేగం ఎంత? మామూలు నీటిలో ఉప్పు వ్యాపించే తీరుతో పోలిస్తే గ్రానైటులో అది వేల రెట్లు, కొన్ని రాళ్లలో పదివేల రెట్లకి పైగా తక్కువ. గోడకి అంటుకోని మూలకమైతే మొదటి ఏడాది మూడు నాలుగు సెంటీమీటర్లు లోపలికి పోతుంది. దూరం రెట్టింపు కావాలంటే కాలం నాలుగింతలు పట్టాలి. అంటే నూరేళ్లకి చేరేది మూడు నాలుగు మీటర్లు కాదు, ముప్పై నలభై సెంటీమీటర్లు.

దీని మీద బలమైన అభ్యంతరం ఒకటి వచ్చింది. లోతులోంచి రాతి ముక్కని పైకి తెస్తే బరువు దిగి దానిలో కొత్త నెర్రెలు పడతాయి. ప్రయోగశాలలో కొలిచే సందులు నిజంగా లోతులో ఉన్నవేనా, మనం తెచ్చిపెట్టినవా? ఈ ప్రశ్నకి జవాబు రాతి దగ్గరికే వెళ్లి అడగాల్సి వచ్చింది. స్వీడన్‌లో స్ట్రీపా అనే పాత ఇనుప గనిలో, మూడు వందల అరవై మీటర్ల లోతున, బోరు రంధ్రంలోంచి గుర్తు పట్టగల పదార్థాల్ని మూడేళ్లకి పైగా రాతిలోకి వదిలి, తర్వాత చుట్టూ ఉన్న రాతిని కోసి తీసి చూశారు. కొన్ని పదుల సెంటీమీటర్ల దూరం దాకా అవి దొరికాయి. స్విట్జర్లాండులో ఆల్ప్స్ కొండల కింద 1984లో తెరిచిన గ్రిమ్‌సెల్ సొరంగంలో రాతి రంధ్రాల్లోకి జిగురు ఎక్కించి, అది గట్టిపడ్డాకే రాతిని కోశారు. పైకి తేవడం వల్ల పడ్డ నెర్రెలో జిగురు ఉండదు కదా! జిగురు నిండిన సందులు దొరికాయి. ముక్కని పైకి తెస్తే సందులు కొంత పెరిగేమాట నిజమే, కానీ లోతులోనూ రాయి తెరిచే ఉంది.

వీటన్నింటిలో నాకు అన్నింటికన్నా ఇష్టమైనది హెల్సింకి విశ్వవిద్యాలయంలో వృద్ధి చేసిన పద్ధతి. రేడియోధార్మిక కార్బన్ కలిపిన పల్చటి ద్రవాన్ని ఎండబెట్టిన రాతి ముక్కకి తాగిస్తారు. అది రాతిలోనే ప్లాస్టిక్‌లా గట్టిపడుతుంది. రాతిని కోసి, కోసిన ముఖాన్ని ఫొటో ఫిల్ము మీద బోర్లిస్తే చాలు, ద్రవం ఎక్కడెక్కడికి దూరిందో అక్కడల్లా ఫిల్ము నల్లబడుతుంది. వెలుగు అక్కర్లేదు, కటకం అక్కర్లేదు, రాయి తన నరాల బొమ్మ తానే గీసుకుంటుంది. పలుగు గింజలు ఖాళీగా, వాటిని కోస్తూ ఒకటి రెండు సన్నటి గీతలు. గింజల అంచులు వలలా. అభ్రకం రేకులూ, చివికిన ఫెల్డ్‌స్పార్లూ నల్లటి మచ్చలుగా.

స్వీడన్ తూర్పు తీరంలోని ఎస్పో దీవి కింద 460 మీటర్ల లోతు దాకా దిగే ప్రయోగశాల ఉంది. అక్కడ 2006లో మొదలుపెట్టి ఆరు నెలలకి పైగా రేడియోధార్మిక గుర్తుల్ని ఒక చీలిక గోడకి తాకేలా తిప్పి, ఆ తర్వాత రాతిని కోసి పల్చటి బిళ్లలుగా చేసి ఒక్కో బిళ్లనీ కొలిచారు. సీజియం చాలావరకు మొదటి కొద్ది మిల్లీమీటర్లలోనే ఆగిపోయింది, అతి కొద్ది భాగం మాత్రం అనుకున్నదానికన్నా లోతుకి పోయింది. ఆ కొద్ది భాగం గురించి శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి తలపట్టుకున్నారు, అలా పట్టుకోవడమే సరైనదని నాకనిపిస్తుంది. ఎందుకంటే అన్నీ సీజియం లాంటివి కావు. అయోడిన్-129 సగం కావడానికి కోటిన్నర ఏళ్లు పడుతుంది. దానికి రుణావేశం, రంధ్రాల గోడలకీ రుణావేశమే. గోడ దాన్ని పట్టుకోకపోగా దూరం నెడుతుంది.

అందుకే ఫిన్లాండులో ఓల్కిలువోటో దగ్గర 2004లో తవ్వకం మొదలైన ఓంకాలో సొరంగాలకి గానీ, స్వీడన్ ప్రభుత్వం 2022లో అనుమతించిన ఫోర్స్‌మార్క్ ప్రణాళికకి గానీ రాయి ఒక్కటే కాపలా కాదు. వాడేసిన ఇంధనాన్ని అయిదు సెంటీమీటర్ల మందం రాగి పెట్టెల్లో పెట్టి, చుట్టూ ఉబ్బే బంకమట్టి కూరి, ఆ తర్వాతే నాలుగైదు వందల మీటర్ల లోతు రాతికి అప్పగిస్తారు. రాగి ఓడి, మట్టి ఓడితే, ఆ తర్వాత పని మొదలయ్యేది సన్నటి నెర్రెలది.

రాయి ఇలా తాగడం మంచికే ఉపయోగపడుతుందనుకుంటే పొరపాటు. చేలల్లో ఎక్కువైన ఎరువుల నైట్రేటు గానీ, ఫ్యాక్టరీలు వాగుల్లోకి వదిలిన మురికి గానీ గ్రానైటు చీలికల్లోకి దిగితే అవీ పక్క రాతిలోకి ఇంకుతాయి. కొన్నాళ్లకి మురికి ఆపేశామనుకుందాం, చీలికలోని నీళ్లని తోడేసి శుభ్రం చేశామనుకుందాం. పరీక్షలో నీళ్లు బాగానే వస్తాయి. మోటారు ఆపి కొన్ని నెలలు వదిలేస్తే మళ్లీ చెడతాయి. ఎవరూ కొత్తగా కలపలేదు. చీలికలో నీళ్లు తేటపడ్డ మరుక్షణం నుంచి మూలకాలు వెనక్కి తిరుగుతాయి, గోడలు తాగినదాన్ని వదలడం మొదలుపెడతాయి. లోపలికి పోయినదంతా ఒకేసారి బయటికి రాదు. కొంత చీలిక వైపుకి వస్తుంటే, కొంత అదే సమయంలో ఇంకా లోపలికి పోతూనే ఉంటుంది. అందువల్ల పదేళ్లు తాగిన రాయి పదేళ్లలో ఖాళీ కాదు, దానికి కొన్ని రెట్ల కాలం పడుతుంది. బోరు నీళ్లు ఒక్కసారి పరీక్ష చేయించి కాగితం బీరువాలో పెట్టుకునేవాళ్లకి నేను చెప్పేది ఇదే, మళ్లీ చేయించండి, వానల ముందోసారి, తర్వాతోసారి.

గ్రానైటు పలకలు కోసే చోటికి ఎప్పుడైనా వెళ్తే ఒక మూల పక్కన పడేసిన పలకలుంటాయి, అమ్ముడుపోనివి. వాటి మీద చీలిక ఉన్న చోట, గీతకి ఇరుపక్కలా సమానమైన వెడల్పున తుప్పు రంగు పట్టీ ఒకటి కనిపిస్తుంది, మూడు నాలుగు వేళ్ల మందం. చీలికలోకి వచ్చిన నీళ్లూ ఆక్సిజనూ పక్క రాతిలోకి ఇంకి, అభ్రకంలోని ఇనుముని తుప్పు పట్టించిన గుర్తు అది. చీలిక దగ్గర ముదురు రంగు, దూరం పోయే కొద్దీ లేత, ఒక చోట ఆగిపోతుంది. కొనేవాళ్లు మచ్చ ఉందని వదిలేస్తారు. ఆ పట్టీ మీద వేలు పెట్టి జరుపుకుంటూ పోతే, అంచు దాకా నీళ్లు ఎన్ని వేల ఏళ్లు నడిచాయో వేలి కింద ఉంటుంది.